కన్నం కొలత ఒక భద్రతా నిర్ణయం

సంపాదకులకు,

అయ్యా,

రసాయన, ఔషధ పరిశ్రమల్లో ప్రమాదం జరిగిన ప్రతిసారీ పత్రికల్లో రియాక్టర్ల గురించి, సేఫ్టీ వాల్వుల గురించి, గ్యాసు లీకును పసిగట్టే పరికరాల గురించి చర్చ జరుగుతుంది. ఆ చర్చ జరగవలసిందే. అయితే గ్యాసు లైన్లలో రెండు ఫ్లాంజిల (పైపుల చివర బోల్టులతో బిగించే చక్రాల్లాంటి అంచుల) మధ్య కనబడీ కనబడకుండా ఉండే ఒక చిన్న ప్లేటు గురించి ఎవరూ మాట్లాడకపోవడం, ముప్పై ఏళ్లకు పైగా ప్రాసెస్ ఇంజనీరుగా పనిచేసి విరమించిన నాకు చాలాకాలంగా బాధ కలిగిస్తున్న విషయం. దాని పేరు రిస్ట్రిక్షన్ ఆరిఫిస్. ప్లాంట్లలో దాన్ని క్లుప్తంగా ఆర్వో అంటారు. మన ఊళ్లలో ఆర్వో అంటే మంచినీటి ప్లాంటు కాబట్టి, ఈ ఉత్తరంలో దాన్ని ఆరిఫిస్ ప్లేటు అనే పిలుస్తాను.

అది మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల మందం ఉన్న గుండ్రటి స్టీలు బిళ్ల. మధ్యలో లెక్క ప్రకారం వేసిన కన్నం ఉంటుంది. ఫ్లాంజి అంచు దాటి బయటికి వచ్చే చిన్న తోక మీద లైను నంబరు, కన్నం కొలత చెక్కి ఉంటాయి. చెరువుకు తూము ఏ పని చేస్తుందో గ్యాసు లైనుకు ఈ ప్లేటు ఆ పనే చేస్తుంది. ఎగువన ఎంత ఉన్నా దిగువకు ఇంతకు మించి పోకూడదన్న హద్దును అది నిలబెడుతుంది. కదిలే భాగం లేదు, కరెంటు అవసరం లేదు, దానికదే తెరుచుకోదు, మూసుకోదు. అందుకే దాన్ని అంతగా నమ్ముతాం. ఒకసారి బిగించాక దాన్ని మరచిపోవడానికీ అదే కారణం.

నేను చేసిన ఒక తప్పు చెప్పి విషయంలోకి వస్తాను. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో, నేను పనిచేసే ఒక ప్లాంటులో సాల్వెంటు నిల్వ ట్యాంకులోకి గాలి చేరకుండా కొద్ది కొద్దిగా నైట్రోజన్ వదలడానికి ప్లేటు కన్నం ఎంత ఉండాలో లెక్కవేసే పని నాకు అప్పగించారు. నైట్రోజన్ హెడర్‌లో, అంటే ప్లాంటుకు నైట్రోజన్ అందించే పెద్ద పైపులో, పీడనం ఏడు కేజీలు, అంటే చదరపు సెంటీమీటరుకు ఏడు కిలోలు. ట్యాంకులో దాదాపు వాతావరణ పీడనమే. కావలసింది గంటకు సుమారు 38 కిలోల నైట్రోజన్. కాలేజీలో నేర్చుకున్న సూత్రం నాకు కంఠతా వచ్చు. పీడనాల తేడాను సాంద్రతతో హెచ్చించి, రెండింతలు చేసి, వర్గమూలం తీసి, దాన్ని కన్నం వైశాల్యంతోనూ 0.61 అనే గుణకంతోనూ హెచ్చించాలి. ఆ లెక్కలో రెండున్నర మిల్లీమీటర్ల కన్నం చాలునని తేలింది. అలాగే రాసిచ్చాను, ప్లేటు తయారైంది, బిగించారు.

ఆ సూత్రం నీటికి సరిపోతుంది. నీరు కన్నంలోకి వెళ్లేముందూ, కన్నం దాటాకా అంతే చోటు ఆక్రమిస్తుంది. గ్యాసు అలా ఉండదు. పీడనం తగ్గేకొద్దీ అది వ్యాపిస్తుంది, వ్యాపించేకొద్దీ వేగం పెరుగుతుంది, ఆ వేగానికి ఒక హద్దు ఉంది. సన్నబడుతూ పోయే దారిలో గ్యాసు వేగం అక్కడి ధ్వని వేగాన్ని అందుకున్నాక అంతకు మించి పెరగదు. దిగువన పీడనం ఇంకా తగ్గిందన్న కబురు ఎగువకు చేరవలసింది ధ్వని వేగంతోనే, కన్నంలో గ్యాసు అదే వేగంతో దానికి ఎదురొస్తూ ఉంటుంది, ఇక ఆ కబురు కన్నం దాటి పైకి పోలేదు. ఈ స్థితినే ప్లాంట్లలో చోక్ ఫ్లో అంటారు. గాలికీ, నైట్రోజన్‌కూ దిగువ పీడనం ఎగువ పీడనంలో 0.528 వంతుకు పడిపోగానే ఆ స్థితి వస్తుంది. మీథేన్‌కు సుమారు 0.54, హీలియంకు 0.49 దగ్గర వస్తుంది. ఇవన్నీ నిరపేక్ష పీడనాలు, అంటే వాతావరణ పీడనాన్ని కూడా కలుపుకొన్నవి.

తూము ఎరిగిన రైతుకు ఇది కొత్త సంగతి కాదు. దిగువ కాలువలో నీరు తూము నోటిని ముంచనంతవరకు, కాలువ మట్టం ఒక అడుగు తగ్గినా రెండడుగులు తగ్గినా తూము పారకంలో మార్పు ఉండదు, చెరువు మట్టమే దాన్ని నిర్ణయిస్తుంది. చోక్ అయిన కన్నమూ అంతే, ఎగువ పీడనానికే లొంగుతుంది. తేడా ఒక్కటుంది. తూము పారకం ఎగువ మట్టానికి వర్గమూలంగా పెరిగితే, చోక్ అయిన గ్యాసు ప్రవాహం ఎగువ నిరపేక్ష పీడనానికి సూటిగా, అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఎగువ పీడనం రెట్టింపైతే ప్రవాహమూ రెట్టింపే.

నా నైట్రోజన్ విషయంలో ఎగువన నిరపేక్షంగా ఎనిమిది కేజీలు, దిగువన ఒక్క కేజీ. ఎనిమిదికి 0.528 వంతు అంటే నాలుగు పైచిలుకు. కాబట్టి కన్నం నిశ్చయంగా చోక్ అవుతుంది. నాలుగు కేజీల దగ్గర నుంచి ఒక కేజీ దాకా దిగువన ఉన్న పీడనం తేడా అంతా ప్రవాహాన్ని ఇసుమంతైనా పెంచదు. నా సూత్రం మాత్రం దాన్ని కూడా ప్రవాహంగా లెక్కగట్టింది. సరైన లెక్కలో 30 డిగ్రీల వద్ద మూడు మిల్లీమీటర్ల కన్నం గంటకు సుమారు 38 కిలోల నైట్రోజన్ వదులుతుంది. నీటి సూత్రమైతే అదే కన్నానికి సుమారు 54 కిలోలు చూపుతుంది. నేను వేయించిన రెండున్నర మిల్లీమీటర్ల కన్నంలోంచి వచ్చింది 27 కిలోలకు లోపే, అవసరానికి దాదాపు మూడో వంతు తక్కువ.

తక్కువ రావడం వల్ల పెద్ద ముప్పేమీ లేదు కదా అనిపించవచ్చు. అసలు ముప్పు అక్కడి నుంచే మొదలైంది. ట్యాంకులో ఆక్సిజన్ శాతం దిగడం లేదని ఆపరేటర్లు ఫిర్యాదు చేశారు. ఒక రాత్రి షిఫ్టులో ప్లేటు ఊడదీసి కన్నం పెద్దది చేశారు. చేతికి దొరికింది ఆరు మిల్లీమీటర్ల డ్రిల్లు. తోక మీద రెండున్నర అనే అంకె అలాగే ఉండిపోయింది. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ వెళ్లి అడగలేదు. ఆరు మిల్లీమీటర్ల కన్నం గంటకు 150 కిలోలకు పైగా, అంటే ట్యాంకులోని స్థితిలో సుమారు 136 ఘనమీటర్ల నైట్రోజన్ వదులుతుంది. ట్యాంకులో పీడనం పెరిగితే బయటికి వదిలే బ్రీదర్ వాల్వును గంటకు నైట్రోజన్‌కు 34, ట్యాంకరు నుంచి సాల్వెంటు దించేటప్పుడు బయటికి నెట్టబడే ఆవిరికి మరో 20 ఘనమీటర్లు అన్న అంచనాతో ఎంచారు. కొన్నాళ్లకు ట్యాంకరు దించుతున్న సమయంలో ట్యాంకు పైకప్పు ఉబ్బి, గోడతో కలిసే అతుకు దగ్గర చీలింది. ఇలాంటి ట్యాంకులు నీటి మట్టంలో కొద్ది అంగుళాలకు సమానమైన పీడనాన్ని మించి తట్టుకోలేవు. సాల్వెంటు ఆవిరి యార్డులో పరుచుకుంది. ఆ ఘడియలో దగ్గర్లో నిప్పు లేకపోవడం వల్ల ప్రాణాలు దక్కాయి. డ్రిల్లు పట్టిన ఫిట్టరు మీద చర్య తీసుకున్నారు. మొదటి లెక్క నాదని నేను రాతపూర్వకంగా చెప్పాను. అయినా ఆ ఫిట్టరుకు జరిగినది న్యాయం కాదన్న భావన నన్ను ఇప్పటికీ విడవలేదు.

ఆ తరువాత నేను చూసిన ప్రతి ప్లాంటులోనూ ఈ లెక్కల కాగితాలు అడిగి తీసుకుని చదవడం అలవాటు చేసుకున్నాను. తప్పులు మళ్లీ మళ్లీ అవే కనిపించాయి. అన్నింటికంటే సాధారణమైనది గేజి పీడనాన్ని, అంటే వాతావరణ పీడనం కలపకుండా గేజి చూపే అంకెను, నిరపేక్ష పీడనంగా వాడటం. ప్లాంటులో అందరి నోటా ‘ఏడు కేజీలు’ అనే మాటే వస్తుంది, సూత్రానికి కావలసింది ఎనిమిది. ఇక్కడ లోటు ఎనిమిదింట ఒక వంతే కావచ్చు, కానీ అర కేజీ పీడనంతో నడిచే లైనులో అదే పొరపాటు జరిగితే ఒకటిన్నర ఉండవలసిన చోట అర వాడినట్టు, అంటే మూడింతల తప్పు. ఘనమీటర్ల విషయంలోనూ ఇంతే. సున్నా డిగ్రీల దగ్గర కొలిచినదా, 15 డిగ్రీల దగ్గర కొలిచినదా అన్నది రాయకపోతే ఐదు శాతానికి పైగా తేడా చడీచప్పుడు లేకుండా లెక్కలో చేరుతుంది. నైట్రోజన్ కోసం వేసిన ప్లేటు ఉన్న లైనును మరోదానికి వాడుకోవడం కూడా చూశాను. అదే ప్లేటులోంచి హైడ్రోజన్ పోనిస్తే, అదే పీడనానికి అది ఘనమీటర్లలో మూడున్నర రెట్లకు పైగా పోతుంది.

ఇక కొలతకు వాడే ఆరిఫిస్‌కూ, హద్దుకు వాడే ఆరిఫిస్‌కూ తేడా తెలియక చేసే తప్పు చదువుకున్నవాళ్లదే. ప్రవాహాన్ని కొలిచే ప్లేట్ల కోసం ఐఎస్ఓ 5167 అనే ప్రమాణం ఉంది. గ్యాసు వ్యాకోచాన్ని సరిచేయడానికి అందులో ఒక గుణకం ఇచ్చారు. దిగువ పీడనం ఎగువ పీడనంలో 0.75 వంతుకు తగ్గనంతవరకే ఆ గుణకం వర్తిస్తుందని ఆ ప్రమాణమే చెబుతోంది. రిస్ట్రిక్షన్ ఆరిఫిస్ పనిచేసేది చాలావరకు ఆ హద్దు కింద. అయినా కొలత ప్లేటు సాఫ్ట్‌వేర్‌లో అంకెలు పెట్టి, కంప్యూటరు ఇచ్చిన కన్నాన్ని అలాగే డ్రాయింగు మీదికి ఎక్కించిన సందర్భాలు నా చేతుల మీదుగానే కొన్ని వెనక్కి వెళ్లాయి. సాఫ్ట్‌వేర్ హెచ్చరిక చూపినా, దాన్ని పట్టించుకోవాలంటే ఆ హద్దు ఎందుకుందో ముందు తెలియాలి కదా.

ప్లేటు మందం సంగతి ఇంకాస్త సూక్ష్మమైనది. నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన భాగం కూడా ఇదే కాబట్టి కొంచెం విడమరచి చెబుతాను. పదునైన అంచు ఉన్న పలుచని ప్లేటులో, ప్రవాహం అన్నిటికంటే సన్నబడే చోటు కన్నంలో ఉండదు, దాటాక కాస్త దూరంలో ఉంటుంది. దిగువ పీడనం తగ్గేకొద్దీ ఆ సన్నటి నడుము వెడల్పవుతూ కన్నం వైపు జరుగుతుంది. అందువల్ల పలుచని ప్లేటులో నిష్పత్తి 0.528 దాటాక కూడా ప్రవాహం కొంత పెరుగుతూనే పోతుంది. 1951లో కన్నింగ్‌హామ్ ప్రచురించిన ప్రయోగాలతో ఈ సంగతి ఇంజనీర్లలో స్థిరపడింది. పీడనాల తేడా తక్కువగా ఉన్నప్పుడు 0.6 దగ్గర ఉండే డిశ్చార్జి గుణకం (నా సూత్రంలోని 0.61 లాంటిది), తేడా బాగా పెరిగాక 0.84 దాకా పోతుంది. ప్లేటు మందం కనీసం కన్నం వ్యాసమంత ఉంటే, ఆ నడుము మళ్లీ విచ్చుకుని కన్నం గోడకే ఆనుకుంటుంది కాబట్టి, అప్పుడు కన్నం నిజంగా చోక్ అవుతుంది, ప్రవాహం ఒక దగ్గర ఆగుతుంది. మూడు మిల్లీమీటర్ల ప్లేటులో మూడు మిల్లీమీటర్ల కన్నం వేస్తే మనం కోరకుండానే అది మందపు ప్లేటవుతుంది. అదే ప్లేటులో ఇరవై మిల్లీమీటర్ల కన్నం పలుచని ప్లేటు కిందికి వస్తుంది. రెండింటికీ ఒకే గుణకం వాడరాదు. ప్లేటును తిరగేసి బిగించినా ఇదే గొడవ. పదునైన అంచు గ్యాసు వచ్చే వైపు ఉండాలి. ఏటవాలుగా చెక్కిన వైపు ఎగువకు తిరిగితే గ్యాసు నున్నగా జారిపోయి, అదే కన్నంలోంచి ఎక్కువ పోతుంది. తోక మీద ఎగువ వైపు ఏదో చెక్కించడం అందుకే.

ఈ లెక్కకు పెద్ద పరీక్ష బ్లోడౌన్ లైన్లలో, అంటే ప్రమాద సమయంలో గ్యాసును త్వరగా ఖాళీచేసే లైన్లలో, ఎదురవుతుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లోని గ్యాసును తీరానికి చేర్చి శుద్ధిచేసే కేంద్రాలున్న ప్రాంతం మనది కాబట్టి ఇది మనకు దూరపు విషయం కాదు. మంటలు అంటుకున్నప్పుడు వెస్సెల్‌లోని, అంటే పీడనంతో నింపిన పాత్రలోని, గ్యాసును ఫ్లేరుకు (వదిలేసిన గ్యాసును మండించే ఎత్తైన గొట్టానికి) వదిలి, పీడనాన్ని పదిహేను నిమిషాల్లో సగానికి దించాలన్నది ఈ పరిశ్రమలో చిరకాలంగా నిలిచిన లక్ష్యం. వాల్వు తెరుచుకుంటుంది, వేగాన్ని నిర్ణయించేది మాత్రం దాని తరువాత ఉన్న ప్లేటే. ఇరవై ఘనమీటర్ల వెస్సెల్‌లో డెబ్బై బార్ (ఒక బార్ అంటే దాదాపు ఒక కేజీ పీడనం) దగ్గర సహజవాయువు ఉందనుకుందాం. ఉష్ణోగ్రత మారదన్న తేలిక ఊహతో నేను వేసిన లెక్కలో కన్నం పది మిల్లీమీటర్లకు కాస్త లోపు వస్తుంది. మన చిటికెన వేలి మందం ఉన్న కన్నం, మొదటి క్షణంలో గంటకు దాదాపు మూడు టన్నుల గ్యాసు! పదిని పన్నెండు చేస్తే ఫ్లేరు మీద భారం 44 శాతం పెరుగుతుంది. పదిని ఎనిమిది చేస్తే పదిహేను నిమిషాల పని ఇరవై మూడు నిమిషాలకు పైగా సాగుతుంది. మంటల్లో ఉన్న ఉక్కు గోడ అంతసేపు నిలుస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

అదే చోట చలి కూడా పుడుతుంది. సహజవాయువు పీడనం ఒక్కో బార్ తగ్గినప్పుడల్లా దాదాపు అర డిగ్రీ చల్లబడుతుంది. డెబ్బై బార్ నుంచి ఒక్కసారిగా దిగినప్పుడు ప్లేటు దాటాక ముప్పై డిగ్రీలకు పైగా పడిపోవచ్చు. పైగా వెస్సెల్‌లో మిగిలిన గ్యాసు కూడా వ్యాకోచిస్తూ చల్లబడుతూ ఉంటుంది. సాధారణ కార్బన్ స్టీలు పైపును మైనస్ 29 డిగ్రీల కిందికి తీసుకుపోకూడదు, ఆ చలిలో ఉక్కు సాగదు, పెళుసుగా విరుగుతుంది. కాబట్టి ప్లేటు లెక్క వేసినవాళ్లే ఆ తరువాతి పైపు ఏ ఉక్కుతో ఉండాలో కూడా చెప్పాలి. ప్లేట్లను వరుసగా పెట్టి పీడనాన్ని మెట్లుగా దించవచ్చు. అయితే ప్రతి మెట్టు తరువాత గ్యాసు వ్యాపిస్తుంది కాబట్టి తరువాతి కన్నం పెద్దదై ఉండాలి. అన్నీ ఒకే కొలతలో వేస్తే చివరి ప్లేటే ముందు చోక్ అవుతుంది.

ఈ లెక్కలో ఒక్క సమాధానం ఎప్పుడూ సరిపోదన్నది నా గట్టి అభిప్రాయం. ఎగువ పీడనం అన్నిటికంటే తక్కువగా ఉన్నప్పుడు కావలసినంత గ్యాసు వస్తుందా అని తక్కువ గుణకంతో ఒకసారి లెక్కించాలి. రెగ్యులేటరు పాడై పీడనం పైకి పోయినప్పుడు దిగువన ఉన్న సేఫ్టీ వాల్వు తట్టుకోగలదా అని ఎక్కువ గుణకంతో మరోసారి లెక్కించాలి. ఏడు కేజీల హెడర్ పదికి పోతే ప్రవాహం 37 శాతం పెరుగుతుంది. దిగువ సేఫ్టీ వాల్వును ఎంచింది ఈ రెండో లెక్క మీదే కాబట్టి, కన్నం మార్చినవాళ్లు తమకు తెలియకుండానే ఆ సేఫ్టీ వాల్వును చిన్నది చేసినట్టే అవుతుంది.

అధిక పీడనం నుంచి అల్ప పీడనం వైపు గ్యాసు ఎంత వేగంగా దూసుకుపోగలదో తెలియాలంటే 1987 మార్చి 22న స్కాట్లాండ్‌లోని గ్రేంజ్‌మౌత్ రిఫైనరీలో జరిగినది చదవాలి. అక్కడ కారణం ఆరిఫిస్ ప్లేటు కాదు, ఒక కంట్రోల్ వాల్వు. సుమారు 155 బార్ దగ్గరున్న సెపరేటరులో (గ్యాసునూ ద్రవాన్నీ వేరుచేసే పాత్రలో) ద్రవం అడుగంటగా, తెరుచుకున్న ఆ వాల్వు ద్వారా గ్యాసు తొమ్మిది బార్ దగ్గర నడిచే సెపరేటరులోకి దూరి దాన్ని పేల్చివేసింది. ఒక కార్మికుడు మరణించాడు. దిగువ సెపరేటరు మీది రిలీఫ్ వాల్వును మంటల పరిస్థితికి ఎంచారు గానీ, గ్యాసు అలా దూసుకొచ్చే పరిస్థితికి ఎంచలేదు. దారిలో ఉన్న అన్నిటికంటే చిన్న కన్నం ఎంత, దానిలోంచి గ్యాసు ఎంత పోగలదు అన్న ప్రశ్నను ముందే అడిగి ఉంటే ఆ లోటు కాగితం మీదే బయటపడేది.

పీడనంతో నడిచే ప్లాంటులో సురక్షితమైన పని పీడనం మించకుండా చర్యలు తీసుకోవాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షన్‌లోనే రాసుకున్నాం. ఆ స్ఫూర్తితో సేఫ్టీ వాల్వులను గడువు ప్రకారం దించి, బెంచి మీద పరీక్షించి, సీలు వేసి, రిజిస్టరులో ఎక్కిస్తున్నాం. ఆరిఫిస్ ప్లేటుకు ఆ గౌరవం లేదు. చాలా చిన్న యూనిట్లలో అది స్టోర్సులో బోల్టులు, గ్యాస్కెట్ల సరసన పడి ఉంటుంది. షట్‌డౌన్ తరువాత దాన్ని మళ్లీ పెట్టారా, లేక గ్యాస్కెట్ ఒక్కటే వేసి ఫ్లాంజి బిగించారా అన్నది చూసే మనిషి కూడా లేని చోట్లు నేను చూశాను.

అందువల్ల మీ పత్రిక ద్వారా ఫ్యాక్టరీల తనిఖీ అధికారులకు ఒక విన్నపం. తనిఖీకి వెళ్లినప్పుడు సేఫ్టీ వాల్వుల రిజిస్టరుతో పాటు ఆరిఫిస్ ప్లేట్ల రిజిస్టరు కూడా అడగండి. అందులో ప్రతి ప్లేటుకూ లెక్క కాగితం, ఏ గ్యాసు, ఎగువ దిగువ నిరపేక్ష పీడనాలు, మందం, కన్నం కొలత ఉండాలి. షట్‌డౌన్‌లో తీసిన ప్రతిసారీ గేజితో కన్నం కొలిచి సంతకం చేసిన తేదీ ఉండాలి. రెండు రాష్ట్రాల సాంకేతిక విద్యాశాఖల వారికి మరో విన్నపం. పాలిటెక్నిక్‌లలో కెమికల్ డిప్లొమా విద్యార్థుల చేత నీటితో ఆరిఫిస్ ప్రయోగం చేయించిన రోజే, మందపు ప్లేటు పెట్టి కంప్రెసర్ గాలితో కూడా ఆ ప్రయోగం చేయించండి. దిగువ వాల్వును మెల్లగా తెరుస్తూ పోతే ఒక హద్దు దాటాక ప్రవాహం పెరగక నిలిచిపోవడాన్ని పిల్లలు కళ్లారా చూస్తారు. నా లెక్క వల్ల ఆ రాత్రి డ్రిల్లు పట్టవలసి వచ్చిన ఫిట్టరు కూడా ఐటీఐలో చదువుకున్నవాడే. ఫిట్టరు ట్రేడులో ఆ ప్రయోగానికి ఒక్క పూట కేటాయించినా చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రాసెస్ ఇంజనీరు,
విశాఖపట్నం